పావని పుట్టిన టైము

బుల్లిరాజు షాపులోకి వస్తూనే, చెప్పులైనా విప్పకుండా, కంప్యూటరు వెనకాల చెయ్యి పెట్టి దొరికిన వైరు దొరికినట్టు పీకేశాడు. తెర మీద సగం వేసిన రాశిచక్రం టప్పున ఆరిపోయింది.

"ఇదేనా ఇంటర్నెట్ వైరు?" అన్నాడు, దాన్ని గణేష్‌బాబు మొహం ముందు ఆడిస్తూ.

"అది కరెంటు వైరండి," అన్నాడు గణేష్‌బాబు.

ఏదైతేనేం, అన్నీ పీకాల్సినవే అన్నాడు బుల్లిరాజు.

రాజమండ్రి కోటగుమ్మం దగ్గర గణేష్‌బాబుది కంప్యూటర్ జాతకాల షాపు. పుట్టిన తేదీ, టైము, ఊరు చెబితే పావుగంటలో పన్నెండు పేజీల జాతకం చేతిలో పెడతాడు. పోయిన నెలే ఇంటర్నెట్ కూడా పెట్టించి, ఆ సంగతి బోర్డు మీద ఎర్రరంగుతో రాయించాడు. కోరుకొండ బస్సు దిగి వస్తూ ఆ ఎర్ర అక్షరాలు చూసేసరికి బుల్లిరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి? కూతురు పావనిది మూలా నక్షత్రం. మూల పిల్ల కోడలిగా వస్తే మామగారికి గండమని ఇప్పటికి మూడు సంబంధాలు గుమ్మం కూడా ఎక్కకుండానే పోయాయి. నాలుగో పాదానికి దోషం లేదని పంతులుగారు ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. అందుకని ఈ గణేష్‌బాబు చేతే పుట్టిన టైముకి నలభై నిమిషాలు కలిపించి, పూర్వాషాఢ అని వేయించి, కొత్త జాతకం తీయించాడు. మధ్యవర్తి దాన్ని కొవ్వూరు పట్టుకెళ్ళాడు. వాళ్ళకి నచ్చింది, ఆదివారం పిల్లని చూడటానికి వస్తామన్నారు. ఆ ఆదివారం వెళ్ళిపోయి పది రోజులైంది. మనిషీ రాలేదు, కబురూ రాలేదు.

గణేష్‌బాబు కాస్త కూర్చోమన్నాడు. షాపులో జనం ఉన్నారు, మెల్లగా మాట్లాడుకుందామన్నాడు. గోడవార బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పెద్దాయన తమ వంతు కోసం కూర్చుని ఉన్న మాట నిజమే. తప్పు చేసినవాడే మెల్లగా మాట్లాడమంటాడని బుల్లిరాజు గొంతు ఇంకాస్త పెంచాడు.

పాతకాలం సిద్ధాంతిగారైతే ఇంటి గుట్టు కడుపులో పెట్టుకునేవారన్నాడు. జాతకం ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీరల కింద పడి ఉండేదనీ, ఈ దిక్కుమాలిన పెట్టె మాత్రం తిన్నదంతా వైరు పొడుగునా ఊరూరా కక్కుతోందనీ తిట్టిపోశాడు. ఒక కంప్యూటర్లో ఉన్నది ఇంకో కంప్యూటర్లో కనబడటమే ఇంటర్నెట్ అని మేనల్లుడు చెప్పాడట. అలాంటప్పుడు ఆ వైరు లాగేముందు మమ్మల్ని ఒక్క మాట అడగక్కర్లేదా అని నిలదీశాడు. ఆడపిల్ల పుట్టిన టైమేమన్నా సినిమా పోస్టరా, ఊళ్ళో గోడలకి అంటించడానికి?

గణేష్‌బాబు తల పట్టుకున్నాడు. ఆ జాతకం కోసం ఎవరూ రాలేదనీ, తాను ఎవరికీ ఇవ్వలేదనీ, అసలుదాన్ని ఆరోజే చెరిపేశాననీ గోడ మీది వెంకటేశ్వరస్వామి పటం చూపించి ఒట్టు పెట్టుకున్నాడు. జాతకాలు ఇంటర్నెట్‌లోకి పోవని కూడా చెప్పబోయాడు గానీ, బుల్లిరాజు ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"మరి మా పావనిది మూల అని కొవ్వూరువాళ్ళకి ఎలా తెలిసిందయ్యా? టైముకి నలభై నిమిషాలు కలిపామని నీకూ నాకూ తప్ప మూడోవాడికి తెలీదు. నేను మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఇంక చెప్పింది నీ పెట్టె కాదూ?"

ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కండువా సర్దుకుంటూ లేచారు.

"కొవ్వూరువాళ్ళకి ఇందాకటిదాకా తెలీదండి," అన్నారు. "ఇప్పుడే తెలిసింది. నా పేరు సూర్యచక్రం. పెళ్ళికొడుకు మురళీకృష్ణ మా అబ్బాయే."

బుల్లిరాజు చేతిలోంచి వైరు జారిపోయింది. కంప్యూటరు దాచిన గుట్టుని తన నోటితో తానే బజారున పెట్టాడు. ఇంటికెళ్ళి పావని మొహం ఎలా చూడాలో తెలియలేదు. ఆ క్షణాన గోదాట్లో దూకమంటే దూకేసేవాడే.

సూర్యచక్రంగారే అతన్ని చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టారు. గణేష్‌బాబు చేత మంచినీళ్ళు తెప్పించి తాగించారు. పిల్ల గురించి నలుగురూ మంచిగా చెప్పారనీ, తమ ఇంట్లో అందరికీ ఫోటో నచ్చిందనీ నిదానంగా చెప్పుకొచ్చారు.

"మూల అంటే మామగారికి గండమంటారు. ఆ మామగారిని నేనే కదండీ. నాకు షుగరూ, బీపీ రెండూ ఉన్నాయి. మీ అమ్మాయి మూల వాటి వెనకాల వరసలో నిలబడాలి."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. బుల్లిరాజుకి ప్రాణం లేచి వచ్చింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. ఇలాంటి దేవుడి లాంటి మనిషి దొరకడం పావని చేసుకున్న అదృష్టమన్నాడు. మరి పది రోజులుగా కబురెందుకు పెట్టలేదని అడిగాడు.

సూర్యచక్రంగారు కాస్త ఇబ్బందిగా నవ్వారు.

"మీ దగ్గర దాచడమెందుకు లెండి. మావాడికి కుజదోషం ఉంది. మీకు తెలిస్తే పిల్లనివ్వరేమోనని, పుట్టిన టైము ఒక్క ఇరవై నిమిషాలు మార్పించి కొత్త జాతకం తీయిద్దామని వచ్చానండి. ఇంక ఆ అవసరం లేదు."

బుల్లిరాజు పట్టుకున్న చేతులు వదిలేశాడు. మొహం మళ్ళీ కందగడ్డయింది.

"ఎంత మోసమండీ," అన్నాడు. "జాతకాలు మార్చే దొంగ కొంపలో మా పిల్లనివ్వం, దయచేయండి."