డెబ్బై అయిదు రూపాయల దోసె

"దోసెకి డెబ్బై అయిదు రూపాయలా? పైన బంగారపు రేకేటైనా అతికిత్తారా?" కౌంటర్ ముందు నిలబడి త్యాగరాజు కాస్త గట్టిగానే అడిగాడు.

"నాన్నా, ప్లీజ్! ఇంట్లో ఏం మాటిచ్చారు?" మనస్వి ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

మాటిచ్చిన సంగతి ఆయనకి గుర్తే. ధరలు పైకి చదవకూడదు, ఎవరితోనూ గొడవ పడకూడదు. కానీ టాటానగర్ బిష్టుపూర్ బజార్లో కొత్తగా తెరిచిన ఈ ఫుడ్ కోర్టులో అడుగుపెట్టినప్పటి నుంచి ఆయనకి ఒళ్లు మండిపోతోంది. చెవులు చిల్లులు పడే పాటలు. ముందు డబ్బిచ్చి ఒక కార్డు కొనాలట, ఆ కార్డు చూపించి తిండి కొనాలట. అగ్రికో మార్కెట్లో బండి మీద పన్నెండు రూపాయలకి దొరికే దోసె కోసం ఊరు ఊరంతా పెళ్లికొచ్చినట్టు ముస్తాబై వరసలో నిలబడింది.

అయినా ఇవాళ ఎలాగైనా ఓర్చుకోవాలనుకున్నాడు. మనస్వికి ఇరవై ఏడు నిండాయి. రెండేళ్లలో మూడు సంబంధాలు వెనక్కి పంపింది. కారణం చెప్పదు. చెప్పకపోయినా ఆయనకి తెలుసు. భార్య పోయి నాలుగేళ్లు. నాన్నని ఒంటరిగా వదిలి ఎలా వెళ్లడమని పిల్ల బెంగ. తన మూలాన కూతురు ఆగిపోయిందన్న బాధ ఆయన్ని రోజూ కోస్తోంది. అలాంటిది మొన్న తనంతట తనే చెప్పింది.

"మా ఆఫీసులో ఈశ్వర్ అని ఉన్నాడు నాన్నా. వాళ్లమ్మగారిని తీసుకుని వస్తాడు. మీరు చూసి, మాట్లాడి, సరేనంటే చాలు."

"ఇంటికే పిలవొచ్చు గదమ్మా?"

"ఇంటికొస్తే క్వార్టర్ల లైనంతా వరండాల్లోకి వచ్చేస్తుంది. అక్కడైతే ఎవరి దోసె వాళ్లది. నచ్చకపోతే లేచి వచ్చేయచ్చు."

ఆ మాట నిజమేననిపించింది. అందుకే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"ఈశ్వర్ భాయ్, ఇధర్!" మనస్వి చెయ్యి ఊపింది.

త్యాగరాజు గబుక్కున పక్కకి వంగాడు. "పెళ్లి చేసుకోబోయేవాణ్ని భాయ్ అంటావేటే?" అని కూతురి చెవిలో గొణిగాడు.

"ఈ ఊళ్లో అందరూ భాయే నాన్నా."

ఈశ్వర్ వెనకాల వాళ్లమ్మ సత్యభామ నడిచి వచ్చింది. బర్మామైన్స్ బళ్లో లెక్కల టీచరు. టాటానగర్‌లో రైల్వే గార్డుగా చేసిన భర్త పోయాక ఒక్కతే కొడుకుని పైకి తెచ్చిన మనిషి.

"నమస్కారం అన్నయ్యగారూ!"

"అరే మమ్మీ! అన్నయ్యగారేంటి? త్యాగరాజుగారు అను, చాలు," ఈశ్వర్ కంగారుగా అడ్డుపడ్డాడు.

"పర్లేదు బాబూ. కూర్చోండి చెల్లెమ్మా."

మనస్వికి పొలమారింది. "సత్యభామగారు అనండి నాన్నా!"

ఈ కాలం పిల్లలకి వరసలు కూడా తెలియవనుకుంటూ పెద్దవాళ్లిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

జీతమెంత, అలవాట్లేమిటి అని కుర్రాణ్ని అడగాల్సినవన్నీ త్యాగరాజు దారిపొడుగునా వల్లె వేసుకున్నాడు. నోరు తెరిచేలోపు కుర్రాడే మొదలుపెట్టాడు.

"అంకుల్, బీపీ, షుగర్ ఏమైనా?"

"నాకేటి బాబూ! ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన ఒళ్లిది."

"వంట వచ్చా?"

"అన్నం, చారు వచ్చు."

"కోపం?"

"ధరల మీదే."

"ఏటిరా ఆ అడగడం, పెద్దాయన్ని పట్టుకుని?" సత్యభామ కసిరింది.

"అడగనివ్వండి. రేపు మామగారితో ఏగాల్సినోడు," త్యాగరాజు నవ్వేశాడు.

మనస్వి ఆవిడ వైపు తిరిగింది. "ఆంటీ, ఇంట్లో ఒకరు రోజూ సణుగుతుంటే మీకు చిరాకా?"

"సణిగేవాళ్లుంటేనే ఇల్లు సందడమ్మా. మాకిప్పుడు టీవీ ఒక్కటే మాటాడతాది."

పిల్లలు దోసెలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టి, ఐస్‌క్రీమ్ తెస్తామంటూ వెళ్లిపోయారు. సత్యభామ సాంబారు రుచి చూసి మొహం చిట్లించింది. "ఇది సాంబారేటండీ, పానకం!"

త్యాగరాజు ప్రాణం లేచొచ్చింది. ఆయన గొంతులో నొక్కిపెట్టుకున్న మాట కూడా అదే. ఆవిడ అటూ ఇటూ చూసి సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. "ఎవరితో అనకండి. ఆవకాయ తెచ్చినాను. మీకూ ఏత్తాను."

ఎదురుగా గోడమీద బయటి తిండి తేరాదన్న బోర్డు. త్యాగరాజు మెనూ కార్డు నిలబెట్టి అడ్డం పెట్టాడు. ఇంతలో సెక్యూరిటీ గార్డు అటుగా వచ్చాడు. ఆయన బిగుసుకుని కూర్చున్నాడు, ఆవిడ డబ్బా మీద కొంగు కప్పేసింది. గార్డు దాటిపోగానే ఇద్దరూ కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు.

పళ్లెం ముందు ఇలా నవ్వి నాలుగేళ్లయిందని ఆయనకి అప్పుడే తట్టింది. మనసు తేలికపడింది. ఇలాంటి అత్తగారు దొరకడం తన కూతురి అదృష్టం అనుకున్నాడు.

ముప్పావుగంట తర్వాత పిల్లలు తిరిగొచ్చారు. చేతుల్లో ఐస్‌క్రీమ్ లేదు.

"క్యా సోచా అంకుల్? ఏమనుకున్నారు?" ఈశ్వర్ అడిగాడు.

"నాకు పూర్తిగా ఇష్టమే బాబూ. ఇలాటి మనుషులు మళ్లీ దొరకరు."

"మాకూ ఇష్టమేనండీ. మంచిరోజు చూసుకోడమే," అంది సత్యభామ.

"పక్కా?"

"పక్కా!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

పిల్లలిద్దరూ ఎగిరి చప్పట్లు కొట్టుకున్నారు.

"అయితే ఇంక మీరిద్దరూ కూడా ఒక మాట అనేసుకుంటే..." త్యాగరాజు హుషారుగా అందుకున్నాడు.

మనస్వి ఆయన చెయ్యి పట్టుకుంది. నవ్వుతూనే ఉంది గానీ కళ్లు చెమ్మగిల్లాయి.

"నాన్నా, ఇవి మీ ఇద్దరి పెళ్లిచూపులు."