చివరి బెంచీ ప్రశ్నలు

"ఇంకోసారి చెబుతారా?"

చివరి బెంచీలోంచి ఆ గొంతు వినగానే క్లాసంతా నిట్టూర్చింది.

లెక్చరర్ సుద్దముక్క ఆపి ఇటు తిరిగాడు. ముఖంలో విసుగు లేదు.

"ఎక్కడి నుంచి చెప్పమంటారు?"

"ధర తగ్గింది, ఎక్కువ కొన్నాం. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని మళ్ళీ రెండు ముక్కలు చెయ్యడం ఎందుకు?"

అడిగింది అరవై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో నాలుగు తెల్లకాగితాలు. యూనివర్సిటీలో రెండో సంవత్సరం సూక్ష్మ అర్థశాస్త్రం క్లాసులో, పందొమ్మిదేళ్ల పిల్లల మధ్య ఆయనకేం పనో ఎవరికీ తెలియదు. ఊసుపోక వస్తున్న రిటైర్డు గుమాస్తా అని ఒకరన్నారు. కోడలి పోరు పడలేక వచ్చి కూర్చుంటున్నాడని ఇంకొకరన్నారు. అందరూ కలిసి 'ఇంకోసారి తాతగారు' అని పేరు పెట్టారు.

లెక్చరర్ బోర్డంతా తుడిచి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ధర తగ్గితే రెండు జరుగుతాయన్నాడు. పక్కవాటికన్నా చౌకైందని ఆ వస్తువు వైపు మొగ్గుతాం, అదొకటి. ఎవరూ పైసా ఇవ్వకపోయినా జేబు కాస్త బరువెక్కినట్టవుతుంది, అది రెండోది. రెండూ కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టే విడదీసి చూడాలన్నాడు. పెద్దాయన తల ఊపేదాకా ఆగి, అప్పుడు ముందుకు కదిలాడు.

పావుగంట పోయింది.

మొదటి బెంచీలో 'ఫస్టు' పళ్లు నూరింది. ఒకటో తరగతి నుంచీ అన్నిట్లో ఫస్టు వచ్చిన పిల్ల కాబట్టి ఆ పేరు. ఈ సబ్జెక్టు మొదటి పరీక్షలో మాత్రం వందకు ముప్పై ఒకటి వచ్చాయి. గీతల మీద గీతలు, లెక్కల కింద లెక్కలు. పుస్తకం తెరిస్తే కళ్లు బైర్లు కమ్మేవి. ఇందులో తప్పితే ఈ చదువు ఇక్కడితో సరి. అమ్మ ఫోన్ చేసి అడిగితే బాగానే రాశానని చెప్పింది. అమ్మతో అబద్ధమాడటం అదే మొదలు.

సిలబస్ సగం కూడా కాలేదు. నెలన్నరలో రెండో పరీక్ష.

క్లాసు అయ్యాక మెట్ల దగ్గర పెద్దాయన్ని ఆపింది.

"తాతగారూ, మీకిది కాలక్షేపం. మాకు బతుకు. మీ ఒక్కరి కోసం అందరి టైమూ పోతోంది."

ఆయన మెట్ల పిట్టగోడ పట్టుకున్నాడు.

"నా వల్ల ఇబ్బందిగా ఉందా అమ్మా?"

"ఉంది. నిన్న అడిగిందే ఇవాళా అడిగారు. ఇంత చిన్న సంగతి తలకెక్కనప్పుడు ఎందుకండీ ఈ అవస్థ?"

ఆయనకు కోపం రాలేదు.

"నిన్న కూడా అడిగానా" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు చివరి బెంచీ ఖాళీ. ఆ తర్వాత కూడా ఆయన రాలేదు.

పీడ వదిలించావని స్నేహితులు ఫస్టు భుజం తట్టారు. పాఠం పరుగందుకుంది. అర్థమైందా అని లెక్చరర్ మధ్యమధ్య అడిగేవాడు. అరవై తలలు ఊగేవి. ఒక్క తలలోకీ ఏమీ దిగేది కాదు. అడిగితే మొద్దు అనుకుంటారని ఎవరికి వారే నోరు కుట్టేసుకున్నారు. ఫస్టూ అంతే.

రెండో పరీక్షలో ఐదు ప్రశ్నలిచ్చారు. ధర తగ్గినప్పుడు జరిగే రెండింటినీ విడదీసి చూపించమన్నది మొదటిది. కళ్లు మూసుకుంటే ఫస్టుకు ఆ రోజు బోర్డు కనిపించింది. గడగడా రాసేసింది. మిగతా నాలుగింటికీ పెన్ను కదల్లేదు.

క్లాసులో నలభై మంది తప్పారు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం దాదాపు అందరికీ పూర్తి మార్కులు.

దిద్దిన పేపరు ఫస్టు మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది. ఇన్నాళ్లూ తాతగారు అడిగినవన్నీ తను అడగడానికి సిగ్గుపడినవే. ఆయన నోరు మూయించి తన కాళ్లే నరుక్కుంది.

లెక్చరర్ గదికి వెళ్లి, మెట్ల దగ్గర తనన్న మాటలన్నీ దాచకుండా చెప్పింది.

"ఆయన ఇల్లెక్కడో చెప్పండి సార్. కాళ్లు పట్టుకునైనా క్లాసుకి తీసుకొస్తాను."

లెక్చరర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వెళ్లినా లాభం లేదమ్మా. నేను మొన్న ఆదివారం వెళ్లొచ్చాను. ఎవరు బాబూ నువ్వు, అని అడిగారు."

ఆమెకు అర్థం కాలేదు.

లెక్చరర్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పెద్దాయనకు ఏడాది కిందట మతిమరుపు జబ్బు మొదలైంది. ఒక్కొక్కటే చేజారిపోతుంటే, ప్రాణంగా చూసుకున్న సంగతొక్కటైనా పట్టుకుని ఉందామని క్లాసుకు వచ్చి కూర్చునేవాడు. అడిగిన ప్రతి ప్రశ్నా నిజంగా మరిచిపోయి అడిగిందే. రావడం మానేశాక ఇంట్లో మాట కూడా తగ్గిపోయింది.

ఫస్టు అడిగింది.

"ఆయన ఇదివరకు ఏం చేసేవారు సార్?"

లెక్చరర్ కిటికీ వైపు తిరిగాడు.

"ముప్పై రెండేళ్లు మీ క్లాసు గదిలోనే ఈ పాఠం చెప్పారమ్మా, రెండుసార్లు తప్పిన నాకు కూడా, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా."