పట్టీ లేని గంట

"పప్పులో ఉప్పు రెండుసార్లు వేశావు," అన్నారు మావారు, ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర.

ఒక్కసారే వేశానన్నాను. ఆయన ఫోన్ తీసి చూపించారు. పదీ పదికి ఒకసారి, పదీ పద్నాలుగుకి ఇంకోసారి. నా చేతిపట్టీ అన్నీ నమోదు చేస్తుంది. ఈమధ్య మా ఇంట్లో ఏ వాదనా అంతకుమించి సాగడం లేదు.

ఎవరూ బలవంతంగా కట్టలేదు. పెళ్లిరోజుకి మా ఇద్దరికీ ఆ జత నేనే ముచ్చటపడి కొన్నాను.

పట్టీ లేనిది అత్తయ్య ఒక్కరికే. రోజూ మధ్యాహ్నం నాది ఆవిడ చేతికి పెట్టి, గంటసేపు మేడమీద ఊరికే కూర్చుంటాను. ఆవిడ నిద్రపోతే, ఆయన ఫోన్లో నేను నిద్రపోతున్నట్టు కనిపిస్తుంది. రోజు మొత్తంలో ఆ గంటే నాది.

నిన్న ఆ సమయంలో ఆవిడకి గుండెదడ వచ్చింది. వెంటనే ఆఫీసు నుంచి ఆయన పట్టీలో కంగారుగా, "హైమా, ఏమైంది? ఒంట్లో బాగాలేదా?" అన్నారట. ఆవిడ "ఊఁహూఁ" అని ఊరుకున్నారట. నేను కిందికి దిగాక ఆ సంగతి చెబుతూ, మణికట్టు తడుముకున్నారు.

"ఒరే, నాకూ ఒక పట్టీ కొను," అన్నారు ఇప్పుడు అత్తయ్య, మజ్జిగన్నం కలుపుతూ.

"మెడలో గంట కట్టడానికి నేనేమన్నా గేదెనా అన్నావుగా?"

"అన్నాన్లే. ఒంట్లో ఎలా ఉందని నువ్వు నన్నడిగి ఎన్నాళ్లయిందిరా?"

ఆయన ఫోన్ అందుకున్నారు. అత్తయ్య నావైపు చూడలేదు.

"రేపు పొద్దున్నే వచ్చేస్తుంది. సైజు ఎంత పెట్టను?"

ఆవిడకి ఇంకాస్త మజ్జిగ పోశాను.

"నాదే సరిపోతుంది," అన్నాను.