పిట్టకి డొక్కలో నొప్పి

డాక్టరమ్మ వేళ్ళు డొక్క మీద పడగానే పిట్ట మెలికలు తిరిగింది.

"నొప్పా, చక్కిలిగిలా?"

"రెండూ," అంది పిట్ట.

గదిలో అందరూ నవ్వారు, తల్లి తప్ప.

పిట్ట అసలు పేరు వేరే ఉంది. కంచంలో నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోతుందని నాయనమ్మ అలా పిలవడం మొదలుపెట్టింది. ఆరేళ్ళు ఇంకా నిండలేదు. కుడి డొక్కలో నొప్పి అన్న దగ్గర్నుంచి తల్లికి తిండీ లేదు, నిద్రా లేదు. ఎదురింటావిడ తమ్ముడికి కూడా ఇలాగే డొక్క నొప్పితో మొదలైందట. ఇప్పుడతను వారం వారం ఆసుపత్రికెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకుంటున్నాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి, కళ్ళు మూసుకుంటే చాలు, ఆ మిషను పక్కన మంచం మీద పిట్టే కనిపిస్తోంది.

"ముఖం చూసుకున్నావా? ఏడ్చి ఏడ్చి బుడగలా ఉబ్బింది. జబ్బు దానికో నీకో తెలియడంలేదు," అని అత్తగారు దారి పొడవునా దెప్పుతూనే వచ్చింది.

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. జ్వరం లేదు. వాంతులు లేవు. ఒంటేలుకి పోతే మంట లేదు. విరేచనం సంగతి మాత్రం నాయనమ్మ అందుకుని, అడగనివి కూడా కలిపి వివరంగా చెప్పింది. ఎక్కడైనా పడ్డావా అంటే పిట్ట కాసేపు ఆలోచించింది. బడి గేటు పట్టుకుని తను వేలాడుతుందనీ, స్నేహితురాలు కాళ్ళు పట్టుకుని లాగుతుందనీ, ఎవరు ముందు ఏడిస్తే వాళ్ళు ఓడినట్టనీ బయటపెట్టింది.

"అదన్నమాట. కండరం పట్టేసి ఉంటుంది," అంది డాక్టరమ్మ. కానీ డొక్క వెనకాలే కిడ్నీ ఉంటుందనీ, లోపల రాయి గానీ చీము గానీ లేదని తేల్చుకోకుండా పంపడం మంచిది కాదనీ, మూత్రం పరీక్ష చేయిద్దామనీ చెప్పింది.

కిడ్నీ అన్న మాటకే తల్లి పిట్టను దగ్గరికి లాక్కుంది.

వరండా చివర ల్యాబు. అప్పటికే సగం షట్టరు దించేశారు. ల్యాబతను సీసా చేతికిచ్చి, ఇప్పుడివ్వకపోతే మళ్ళీ ఎల్లుండేనని విసుక్కున్నాడు. తల్లీకూతుళ్ళు బాత్రూములోకి వెళ్ళారు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. బయట నిలబడి నాయనమ్మ నోటితో "స్స్‌... స్స్‌" అంటూ సాయం చేస్తోంది. టైర్ల షాపులో గంటలో వస్తానని చెప్పి వచ్చిన తండ్రి టైము చూసుకుంటూ తలుపు కొడుతున్నాడు. ల్యాబతను ఇంకెంతసేపని అరిచాడు. చాలాసేపటికి పిట్ట ముందుగా బయటికొచ్చింది, ఒంటి కాలి మీద గెంతుకుంటూ. వెనకాలే తల్లి, తల దించుకుని. సీసా అందుకుని ల్యాబతను షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు.

ముగ్గురూ పిట్టని మధ్యలో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు.

"ఏంటే, అలా ఉన్నావ్?" అన్నాడు భర్త.

"భయంగా ఉందండీ."

గేటుకి వేలాడితే వచ్చిన నొప్పికి ఇంత భయమేమిటని అతను నవ్వాడు. ఆమె ఏదో చెప్పబోయి మళ్ళీ నోరు మూసుకుంది. ఏడో తరగతిలో బడి మానిపించినప్పటి నుంచీ కుర్చీలో కూర్చుని మాట్లాడేవాళ్ళంటే ఆమెకు బెరుకు. ఏమంటే ఏం తిడతారోనని, చెప్పాల్సిన మాట గొంతులోనే మింగేస్తుంది.

లోపలికి పిలిచారు. డాక్టరమ్మ ఫోనులో ఉంది.

"సరిగ్గా చూశారా?" అంది. కాసేపు విని, "ఇంకోసారి చూడండి," అంది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అలాగే ఉండిపోయింది. పిట్ట గుండ్రటి స్టూలెక్కి గిరగిరా తిరుగుతోంది.

ఫోను పెట్టేసి డాక్టరమ్మ లేచి వచ్చింది. స్టూలు ఆపి, పిట్ట కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసింది. కళ్ళ కింద చూసింది. చిన్న పట్టీ తెప్పించి బీపీ చూసింది. ఇప్పుడామె ముఖంలో నవ్వు లేదు.

"పొద్దున్న లేచేసరికి పాప ముఖం ఉబ్బుతోందా?"

"లేదండీ," అంది తల్లి.

"కాళ్ళు?"

"లేదండీ."

డాక్టరమ్మ ఈసారి పిట్ట తండ్రి వైపు తిరిగింది. రాయి కాదంది. చీమూ కాదంది. మూత్రంలో రక్తం ఉంది, ప్రొటీను విపరీతంగా పోతోంది, రెండు కిడ్నీలూ దెబ్బతింటున్నట్టున్నాయి, ఇవాళే పెద్దాసుపత్రిలో చేర్చాలి అని మెల్లగా చెప్పింది.

తండ్రి గోడకి జారగిలబడ్డాడు. నాయనమ్మ మనవరాలి పాదాలు రెండూ పట్టుకుని కిందే కూలబడింది. ఏం జరిగిందో తెలియక పిట్ట అందరి ముఖాలూ చూస్తోంది.

తల్లి మాత్రం ఏడవలేదు. టేబులు దగ్గరికి వెళ్ళి, పొద్దుటి నుంచి మొదటిసారి డాక్టరమ్మ కళ్ళలోకి చూసింది.

"ఇదంతా ఆ సీసాలోది చూసే చెప్పారా అండీ?"

"అవునమ్మా."

"పాప ఒంట్లో ఇంకెక్కడా తేడా కనబడలేదా?"

"లేదు. నాకూ అదే వింతగా ఉంది."

తల్లి గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. పిట్టను స్టూలు మీంచి ఎత్తి, ఊపిరాడనంత గట్టిగా హత్తుకుంది. కళ్ళు ధారగా కారుతున్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. మతి చలించిందేమోనని భర్త గబుక్కున దగ్గరికొచ్చాడు.

అతని వైపు చూడకుండానే డాక్టరమ్మతో అంది ఆమె: "దీనికి ఎంతకీ రాకపోతే, కేకలేస్తారని భయపడి, ఆ సీసా నింపింది నేనండీ."