గోడ పక్కన సమాధి

రఘునాథపల్లి దగ్గరి చెలకను కార్ల కంపెనీకి అమ్మేటప్పుడు సురేందర్ ఒక్కటే కోరాడు. చెలక నడుమ ఉన్న తండ్రి సమాధిని తొక్కొద్దన్నాడు.

"ఎముకలు జాగ్రత్తగా తీసి, ప్రహరీ గోడ పక్కన కొత్త సమాధి కట్టిస్తాం. తవ్వేటప్పుడు మాత్రం మీరు రాకండి, చూడలేరు," అన్నాడు మేనేజరు. అన్నట్టే తెల్ల టైల్స్ వేసి కట్టించాడు.

తర్వాత కంపెనీ మూతపడింది. యంత్రాలన్నీ లారీలెక్కి వెళ్ళిపోయాయి. మిగిలిన ఖాళీ షెడ్డుకు ఇప్పుడు సురేందరే వాచ్‌మన్. అమావాస్య వస్తే గోడ పక్కన దీపం పెడతాడు.

ఈ అమావాస్య రాత్రి దీపం వెలిగించి లేస్తుంటే దగ్గు వినిపించింది. బీడీ తాగి తాగి గొంతులో పట్టేసిన ఆ దగ్గు అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అది సమాధి వైపు నుంచి రాలేదు. వెనక, షెడ్డులోంచి వచ్చింది.

టార్చి వేసుకుని లోపలికి నడిచాడు. ఒకప్పుడు కార్లు బిగించిన చోట సిమెంటు నేల ఎక్కడా పగులు లేకుండా నున్నగా ఉంది. దగ్గు దాని కింద నుంచి వస్తోంది.

"బాపూ?" అన్నాడు నేల మీదికి వంగి.

దగ్గు ఆగింది.

"నేను ఈడ్నే ఉన్న కొడుకా. ఇన్నేండ్ల సంది ఆడ ఎవలికి పెడుతున్నవ్ దీపం?"