గీతలు పడ్డ డిస్కు

సినిమాలు ఇప్పుడు కళ్లజోళ్లలో వస్తున్నాయి. కథ ఎవరి మనసుకు తగ్గట్టు వాళ్లకు ముగుస్తుంది. నిన్న పక్కపక్కనే కూర్చుని చూసినా, సువర్చల చూసినదాంట్లో నాయిక చనిపోయింది, భర్త కామేశం చూసినదాంట్లో పెళ్లి చేసుకుంది. ఇక మాట్లాడుకోవడానికి ఏముంది?

అందుకే సువర్చల ఇవాళ పాత టీవీ, ప్లేయరు, అమ్మ దాచిన డీవీడీ అటక మీంచి దింపింది. సినిమా నడుస్తుంటే ఇద్దరూ ఒకేచోట నవ్వారు. సరిగ్గా క్లైమాక్సులో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. గీతలు పోతాయని ఆమె డిస్కుకు టూత్‌పేస్టు రాసి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది.

"కళ్లజోడు పెట్టుకోవే, మిగతాది అదే చూపిస్తుంది," అన్నాడు కామేశం.

"ఏం అక్కర్లేదు. ఆగితే ఆగనీండి, ఇద్దరికీ ఒక్కచోటే ఆగిందిగా!" అంటూ ఆమె మళ్లీ టూత్‌పేస్టు మూత తీసింది.