బూడిదరంగు పేర్లు

మేనేజరు లాప్‌టాప్‌లోంచి ఎవరో జాబితా ఎత్తుకుపోయారు. ఉద్యోగాల్లోంచి పీకేయబోయే ఇరవై ఆరుమంది పేర్లున్న జాబితా అది. "ఎవర్నీ తీసేయం, నిశ్చింతగా ఉండండి" అని మేనేజరు మీటింగు పెట్టి మరీ చెప్పిన మర్నాడే అది నోటీసు బోర్డుకెక్కింది. ఫ్యాన్ల ఫ్యాక్టరీలో మిషన్లన్నీ రెండ్రోజులు ఆగిపోయాయి. యజమాని దిగొచ్చి జాబితా రద్దు చేశాడు కానీ, ఎత్తుకుపోయినవాళ్ళు దొరికితే మాత్రం ఆ సాయంత్రానికి ఉద్యోగం ఊడుతుందన్నాడు. పోలీసులకు కూడా అప్పగిస్తానన్నాడు.

మేనేజరు అనుమానమంతా అకౌంటెంటు మీదే. తాళంచెవుల గుత్తికి పెన్‌డ్రైవు కట్టుకుని తిరిగేది ఫ్యాక్టరీ మొత్తంలో అతనొక్కడే మరి. అతన్ని తీసేస్తున్నట్టు ఉత్తర్వు టైపు చేయించి, సంతకం కూడా పెట్టేసి సొరుగులో ఉంచాడు. పాపం అకౌంటెంటుకు రెండ్రోజులుగా ముద్ద గొంతు దిగడం లేదు.

ఇక కావలసింది రుజువొక్కటే. ఏ పెన్‌డ్రైవు ఏ రోజు తగిలించారో లాప్‌టాప్ లోపలే రాసి ఉంటుందట. అది తీసి చూడడానికి హెడ్డాఫీసు నుంచి ఒకాయన పదకొండింటికి వస్తున్నాడు. ఈ సంగతి పరమ రహస్యంగా ఉంచమని మేనేజరు ఆఫీసులో అందరికీ చెప్పాడు.

సరిగ్గా ఆ ఉదయమే లాప్‌టాప్ మొండికేసింది. మౌసు తగిలిస్తే ఉలకదు, ప్రింటరు తగిలిస్తే పలకదు. మూడు యూఎస్‌బీ పోర్టులూ ఒక్కసారే చచ్చి ఊరుకున్నాయి. మేనేజరు నెత్తీనోరూ కొట్టుకుని, వీధి చివర రిపేరు షాపతనికి ఫోను చేశాడు. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని డాక్టరంటారు. పదింటికల్లా సంచీ తగిలించుకుని వచ్చేశాడు.

మేనేజరు స్టోర్సులోంచి పిన్నిగారిని పిలిపించాడు. ముప్ఫై ఏళ్ళుగా స్టోర్సు రిజిస్టరు చేత్తోనే రాస్తున్న మనిషి ఆవిడ. జాబితాలో మొట్టమొదటి పేరు ఆవిడదే. ఎదురుగా కారణం కూడా రాసి ఉంది: కంప్యూటర్ రాదు.

"పిన్నిగారూ, పనయ్యేదాకా డాక్టరు పక్కనే కూర్చోండి. ఇంకెవర్నీ గదిలోకి రానివ్వకండి. ఈ ఆఫీసులో నేను నమ్మేది మిమ్మల్నొక్కరినే," అని మేనేజరు కాస్త ఆగి, "మీకు కంప్యూటర్ రాదు కాబట్టి," అన్నాడు.

"అలాగే సార్," అంది పిన్నిగారు బుద్ధిగా. డాక్టరు వచ్చిన ప్రతిసారీ ఆవిడకు ఈ కాపలా తప్పదు.

డాక్టరుకు మాట్లాడుతూ పనిచేయడం ఇష్టం. వినేవాళ్ళుంటే మరీ ఇష్టం. టార్చి వేసి పోర్టుల్లోకి తొంగిచూశాడు. బ్రష్షుతో దుమ్ము దులిపాడు. తన సంచీలోని మౌసు తగిలించి చూశాడు. చార్జరు పీకేసి, పవరు బటను అరనిమిషం నొక్కిపట్టి, మళ్ళీ ఆన్ చేశాడు. ఊహూ.

"రోగం లోపలుంది పిన్నిగారూ," అంటూ టచ్‌ప్యాడ్ మీద వేలు జరిపి ఏదో తెరిచాడు. తెర నిండా పేర్ల బారు కనిపించింది. సగానికి సగం బూడిదరంగులో ఉన్నాయి.

"ఇవేంటి బాబూ, ఇలా వెలిసిపోయాయి?"

"ఇంతవరకూ దీనికి తగిలించి పీకేసినవాటి పేర్లండీ. మౌసులు, ఫోన్లు, పెన్‌డ్రైవులు. మనం మర్చిపోయినా ఇది మర్చిపోదు. ఇవన్నీ పేరుకుపోతే కొత్తవాటిని గుర్తుపట్టక తిక్కతిక్కగా చేస్తుంది."

"మరెలా?"

"ఏముందీ, మొత్తం ఊడ్చేయడమే! మళ్ళీ ఆన్ చేస్తే అదే కొత్తగా రాసుకుంటుంది."

"ఏం కాదు కదా? సార్ అసలే కోపిష్టి."

"ఎన్నిసార్లు చేశాను మీ ముందే! ఒక్కసారైనా తేడా వచ్చిందా?"

"అబ్బే, నీ పనితనం నాకు తెలియదూ!" అంది పిన్నిగారు.

డాక్టరు ఉత్సాహంగా ఊడ్చేశాడు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ ఆన్ చేసి మౌసు తగిలించగానే దాని కింద ఎర్ర దీపం వెలిగింది. మిగతా రెండు పోర్టులూ లేచి కూర్చున్నాయి. పిన్నిగారు సంబరంగా చప్పట్లు కొట్టింది.

పదకొండింటికి హెడ్డాఫీసాయన వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఎంత వెతికినా ఆయనకు దొరికింది ఒకే ఒక్క మౌసు. అది కూడా ఆ ఉదయం పదీ నలభైకి తగిలించినది.

"దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అన్నాడాయన.

డాక్టరు గర్వంగా చెయ్యెత్తాడు.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. "పిన్నిగారూ, పక్కనే ఉండి ఆపలేకపోయారా?"

"నాకేం తెలుస్తుంది సార్?"

రుజువు లేనిదే ఎవర్నీ తీసేయడానికి వీల్లేదని చెప్పి హెడ్డాఫీసాయన వచ్చిన కారులోనే వెళ్ళిపోయాడు. సొరుగులోని ఉత్తర్వు ముక్కలై చెత్తబుట్టలో పడింది. ఆ మధ్యాహ్నం అకౌంటెంటు తన క్యారియరుతో పాటు పక్కవాడిది కూడా ఖాళీ చేశాడు.

డాక్టరును మాత్రం మేనేజరు నానా మాటలూ అని పంపాడు. మొహం వేలాడేసుకుని వెళ్తున్న అతన్ని పిన్నిగారు గేటు దాకా సాగనంపింది.

"నా తప్పేముంది పిన్నిగారూ? పోర్టులు పనిచేయట్లేదన్నారు, చేయించాను. నావల్ల దొంగ తప్పించుకున్నాడట!"

"ఊరుకో బాబూ, మనసులో పెట్టుకోకు." పిన్నిగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కానీ ఈసారి ఎక్కడైనా పోర్టులన్నీ ఒక్కసారే చచ్చిపోతే, వాటన్నిటికీ కలిపి రూట్ హబ్ అని ఒకటుంటుంది కదా, ముందు దాన్ని ఎవరైనా ఆపేశారేమో చూడు, ఒక్క నొక్కుతో అయిపోతుంది, నువ్వు అది చూడకుండానే ప్రతిసారీ అన్నీ ఊడ్చేస్తావని తెలియబట్టే కదా, నా పెన్‌డ్రైవు పేరు కూడా పోతుందని పొద్దున్నే దాన్ని ఆపేసి నిన్ను పిలిపించుకున్నాను!"